డయాలసిస్ ఎనిమిదో నెల: పంది కిడ్నీ వచ్చేదాకా ఆగమంటున్నారు, ఆగాలా?

#1 కవిటి కోడలు (ఆదివారం, రాత్రి 10:15)

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదవడమే గాని రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం, కవిటి దగ్గర పల్లె. మా ఆయనకి 41 ఏళ్లు. షుగర్ లేదు, బీపీ లేదు, మందు అలవాటు లేదు. రెండేళ్ల కిందట పాదాలు వాచాయని చూపిస్తే క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే రక్తపరీక్ష) 4.8 అన్నారు. మా వైపు ఈ మాట వినని ఇల్లు తక్కువ. మందులతో కొన్నాళ్లు నెట్టుకొచ్చాం. ఎనిమిది నెలల నుంచి డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు సోంపేటలో, ఒక్కోసారి నాలుగు గంటలు. ఎడమ చేతికి ఫిస్టులా పెట్టారు, అంటే డయాలసిస్ సూదుల కోసం రెండు రక్తనాళాలు కలిపారు. రాత్రి పడుకునే ముందు ఆయన మణికట్టు మీద వేలు పెట్టి చూస్తాను. లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. అది తగిలితేనే నాకు నిద్ర పడుతుంది.

ఇంటి చుట్టూ కొబ్బరి తోట. ఆయన చేత్తో నాటిన చెట్లే. బోండాం నీళ్లు ఒక్క గుక్క కూడా తాగకూడదన్నారు, పొటాషియం ఎక్కువట. కూరలు ముక్కలు కోసి నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుతున్నాను. రోజంతా కలిపి లీటరు నీళ్లు. మొన్న ఎండకి ఇంటికొచ్చి చెంబు పట్టుకుని నిలబడిపోయారు, తాగలేదు, దించలేదు.

ఆయనది ఓ పాజిటివ్. నాది బి పాజిటివ్. మా అత్తయ్యది ఓ పాజిటివే, కానీ ఆవిడకి 61 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. "కన్నదాన్ని నేనుండగా ఇంకొకళ్లెందుకు" అంటారు, డాక్టర్లు కుదరదన్నారు. మా మరిదికి 34, ఓ పాజిటివ్, ఇస్తానంటున్నాడు. మా తోటికోడలు భయపడుతోంది. తనని తప్పుపట్టలేను.

ఇంతలో మా చిన్నాన్న కొడుకు ఫోనులో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో పంది కిడ్నీ మనిషికి పెడుతున్నారట. "రెండేళ్లు ఆగితే ఇక్కడికీ వస్తుంది, ఎవరినీ కోయించుకోనక్కర్లేదు" అంటాడు. ఇంట్లో అందరికీ ఆ మాట నచ్చేసింది. నాకే లోపల టెన్షన్. ఆగాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 చార్లెస్ నది ఒడ్డున (సోమవారం, ఉదయం 6:02)

అక్కా, నేను బోస్టన్‌లో ఉంటాను. మాది టెక్కలి. ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తి) ల్యాబులో పని. ఈ పంది కిడ్నీ పరిశోధన దగ్గరగా చూస్తున్నవాణ్ని కాబట్టి నేనే ముందు రాస్తున్నాను.

వార్త నిజమే. 2024 మార్చి 16న ఇక్కడి మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో రిచర్డ్ స్లేమన్ అనే 62 ఏళ్ల ఆయనకి జన్యువులు మార్చిన పంది కిడ్నీ పెట్టారు. బతికున్న మనిషికి అలా పెట్టడం అదే మొదలు. ఆ పందిలో 69 మార్పులు చేశారు. పంది కణాల మీద ఒక రకం చక్కెర అణువులు ఉంటాయి, వాటిని చూడగానే మన ఒంట్లోని యాంటీబాడీలు నిమిషాల్లో ఆ అవయవాన్ని నల్లగా మాడ్చేస్తాయి. ఆ చక్కెరలు తయారుచేసే 3 జన్యువులు తీసేశారు. మన ఒంటికి సరిపడేలా 7 మనిషి జన్యువులు చేర్చారు. పంది జన్యువుల్లోనే నిద్రాణంగా ఉండే వైరస్‌లని 59 చోట్ల పనిచేయకుండా చేశారు. ఇంత చేశాక కిడ్నీ బల్లమీదే గులాబీ రంగుకి తిరిగి మూత్రం పోసింది. ఆ రోజు మా ల్యాబులో చాలామందికి కళ్లు చెమర్చాయి.

కానీ తర్వాతది కూడా వినాలి. స్లేమన్ గారు రెండు నెలల్లోపే చనిపోయారు, కిడ్నీ వల్ల కాదని వైద్యులు చెప్పారు. 2024 నవంబరులో న్యూయార్క్‌లో టొవానా లూనీ అనే ఆవిడకి పెట్టిన కిడ్నీ 130 రోజులు పనిచేసింది, తర్వాత ఒళ్లు తిప్పికొడితే తీసేశారు. 2025 జనవరిలో టిమ్ ఆండ్రూస్‌కి పెట్టింది 271 రోజులు నడిచింది, అక్టోబరులో తీసేశారు. అప్పటికి అదే రికార్డు. 2025లోనే క్లినికల్ ట్రయల్స్‌కి (రోగుల మీద పద్ధతిగా చేసే పరీక్షలకి) అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అంటే అసలు పరీక్ష ఇప్పుడే మొదలవుతోంది.

మనిషి కిడ్నీ ఏళ్ల తరబడి నడుస్తుంది. పంది కిడ్నీ రికార్డు 2025 అక్టోబరు నాటికి రోజుల్లోనే ఉంది. నా పని మీద నాకు చాలా నమ్మకం, ఏదో ఒక రోజు ఇది పనికొస్తుంది. బావగారికి మాత్రం దాని కోసం ఆగొద్దు.

#3 కోఆర్డినేటర్ అక్క (సోమవారం, మధ్యాహ్నం 2:40)

హైదరాబాదులో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా చాలా ఏళ్లు చేశాను. చెల్లెమ్మా, తమ్ముడు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. డయాలసిస్ మీద గడిచే ప్రతి ఏడాదీ గుండెకి భారం. రక్తనాళాలు గట్టిపడతాయి, రక్తం తగ్గుతుంది, ఎముక అరుగుతుంది. అందుకే ఎంత తొందరగా మార్పిడి జరిగితే అంత మంచిది.

దాతల లెక్క ఇంట్లో తేలేలోగా ఒక పని చేయండి. జీవన్‌దాన్‌లో, అంటే చనిపోయినవాళ్ల అవయవాలు వరుస ప్రకారం ఇచ్చే ప్రభుత్వ పథకంలో, ఆయన పేరు నమోదు చేయించండి. అది సొంతంగా చేసుకునేది కాదు, కిడ్నీ మార్పిడి చేసే గుర్తింపు ఉన్న ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది. ఇంట్లోవాళ్లు ఇస్తారులే అని నమోదు వాయిదా వేసి, చివరికి దాత పనికిరాలేదని తెలిశాక రెండేళ్లు ఆలస్యంగా వరుసలో చేరినవాళ్లని నేను లెక్కపెట్టలేనంత మందిని చూశాను. ఓ గ్రూపువాళ్లకి ఎదురుచూపు మామూలుగానే ఎక్కువ.

#4 ఒంగోలు గిత్త (సోమవారం, సాయంత్రం 6:30)

జీవన్‌దాన్ గురించి నా అనుభవం చెప్తా, తప్పుగా అనుకోకండి. నాలుగేళ్ల కిందట మా మేనమామ బ్రెయిన్ స్ట్రోక్‌తో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పడ్డాడు. మూడో రోజు వచ్చి "బ్రెయిన్ డెడ్, అవయవాలు ఇస్తారా" అని అడిగారు. ఛాతీ పైకీ కిందికీ ఆడుతోంది. ఒళ్లు వెచ్చగా ఉంది. మాకెవరూ ఏమీ వివరించలేదు, ఏం పరీక్ష చేశారో చెప్పలేదు. మా అత్త ఒకటే ఏడుపు. పైగా మేం ఇవ్వం అన్నాక మాతో మాట్లాడే తీరే మారిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో అవయవదానం అంటే ఎవరూ వినరు. బతికున్నవాణ్ని కోసుకుంటారని మా ఊళ్లో గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకం తప్పని నాకు ఎవరైనా సరిగ్గా చెప్పగలరా?

#5 కోఆర్డినేటర్ అక్క (సోమవారం, రాత్రి 8:55)

తమ్ముడూ, మీతో అలా ప్రవర్తించడం తప్పు. మా పని సగం మాట్లాడటమే, అది చేతకానివాళ్లు కుటుంబం ముందుకి రాకూడదు.

బ్రెయిన్ డెత్ ఒక డాక్టరు చెప్తే అయిపోయేది కాదు. చట్టప్రకారం నలుగురు వైద్యుల బోర్డు సంతకం చేయాలి, అవయవ మార్పిడి చేసే బృందంలోవాళ్లు అందులో ఉండకూడదు. పరీక్షలన్నీ రెండుసార్లు, మధ్యలో కనీసం 6 గంటలు ఉండాలి. కళ్లలో లైటు వేస్తే కంటిపాప కదులుతుందా, దూది తాకితే రెప్ప పడుతుందా, చెవిలో చల్లటి నీళ్లు పోస్తే కళ్లు కదులుతాయా చూస్తారు. చివరిది ఆప్నియా పరీక్ష. ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ ఊపిరి ఆపి, మనిషి తనంతట తాను ఒక్క శ్వాస తీస్తాడేమో చూస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ, బతికున్న మెదడైతే ఊపిరి పీల్చకుండా ఉండలేదు.

కోమా వేరు, ఇది వేరు. కోమాలో మెదడు ఉంటుంది. ఇందులో మెదడు కాండం చచ్చిపోయింది. ఛాతీ ఆడేది యంత్రం వల్ల, గుండె కొట్టుకునేది దానికి సొంత కరెంటు ఉంటుంది కాబట్టి. అది కూడా కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు.

ఇంకోటి అందరూ గుర్తుపెట్టుకోండి. కుటుంబం ఒప్పుకున్నాక దాత శరీరాన్ని కాపాడటానికి, అవయవాలు తీయడానికి అయ్యే ఖర్చు కుటుంబం మీద వేయకూడదు. ఎవరైనా బిల్లు వేస్తే జీవన్‌దాన్‌కి ఫిర్యాదు చేయండి.

#6 ఒక తండ్రి (సోమవారం, రాత్రి 11:48)

ఒంగోలు బాబూ, నేను ఆ గదిలో నిలబడినవాణ్ని.

మా వాడికి 22. హైవే మీద బైకు. హెల్మెట్ బండికే తగిలించి ఉంది. ఐసీయూలో చెయ్యి పట్టుకుంటే నీలాగే నాకూ వెచ్చగా తగిలింది. నేను నమ్మలేదు. "నా కళ్ల ముందు ఆ పరీక్ష చేసి చూపిస్తేనే" అన్నాను. ఆ డాక్టరు కోప్పడలేదు. రెండోసారి ఆప్నియా చేసేటప్పుడు నన్ను మంచం పక్కనే నిలబెట్టారు. యంత్రం ఆపారు. నేను వాడి ఛాతీ మీదే కళ్లు పెట్టి చూశాను. చిన్నప్పుడు జ్వరం వస్తే రాత్రుళ్లు అలాగే చూసేవాణ్ని, ఊపిరి అందుతోందా అని. గోడ గడియారంలో పది నిమిషాలు. ఒక్కసారి కూడా లేవలేదు.

అప్పుడు ఫారం 8 మీద, అంటే కుటుంబం ఒప్పుకున్నట్టు ఇచ్చే కాగితం మీద, సంతకం పెట్టాను. రెండు కిడ్నీలు, లివరు, కళ్లు ఇచ్చాం. యాక్సిడెంట్ కేసు కనక పోలీసుల అనుమతి, పోస్టుమార్టం అన్నీ అయ్యేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఆ ఆలస్యానికి మా ఆవిడ తట్టుకోలేకపోయింది, అది చెప్పాలి. శరీరం మాత్రం చక్కగా కుట్టి, శుభ్రంగా ఇచ్చారు. చొక్కా వేశాక ఏమీ తెలియలేదు.

ఎవరికి వెళ్లాయో మాకు చెప్పరు. మేమూ అడగలేదు.

#7 ఒంగోలు గిత్త (మంగళవారం, ఉదయం 7:20)

బాబాయ్ గారూ, మీ రాత మా ఇంట్లో పైకి చదివాను. మా అత్త లేచి లోపలికి వెళ్లిపోయింది, కాసేపటికి వచ్చి "మాకూ అలా చూపించి ఉంటే" అంది. దండం అండి మీకు.

#8 వైజాగ్ రెసిడెంట్ (మంగళవారం, మధ్యాహ్నం 3:10)

నేను నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) చదువుతున్న జూనియర్ డాక్టర్ని. మొదటి పోస్టు చదివినప్పటి నుంచి ఒక విషయం నన్ను తొలుస్తోంది, అదే ముందు చెప్తాను.

మీ మరిదిగారి గురించి. ఆయన అదే ఊళ్లో పుట్టారు, అవే బావుల నీళ్లు తాగారు, అవే తోటల్లో ఎండకి పనిచేశారు. ఉద్దానంలో కిడ్నీలు పాడవడానికి ఒకే ఒక్క కారణం ఇదీ అని ఈ రోజుకీ తేలలేదు. నీళ్లు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశం, అన్నిటి మీదా అనుమానం ఉంది. కారణం తెలియనప్పుడు 34 ఏళ్ల తమ్ముడి కిడ్నీ ఒకటి తీసేసి, 45 ఏళ్లకి ఆయన్నీ మా వార్డులో చూడాల్సి వస్తే ఎలా? ఆ జబ్బు మొదట్లో ఏ లక్షణమూ చూపించదు. మీ ఆయనకి కాళ్లు వాచేటప్పటికి 4.8 ఉందంటే అర్థం చేసుకోండి.

కాబట్టి దాతగా ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆయనకి ఈ వారమే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, అల్ట్రాసౌండ్ చేయించండి. తొలి దశలో దొరికితే ఇప్పుడు చేయగలిగింది చాలా ఉంది. షుగర్ కోసం వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర షుగర్ లేని కిడ్నీ రోగుల్లో కూడా జబ్బుని నెమ్మదింపజేస్తుందని 2020లో పెద్ద అధ్యయనంలో తేలింది. మన దేశంలో అదే ఏడాది దాని పేటెంటు ముగిసి ధర పడిపోయింది. అందరికీ పనికిరాదు, డాక్టరు చూసి రాయాలి. అయినా అంతిమ దశ దాకా పోకుండా ఆపే మందు సామాన్యుడికి అందే ధరలో ఉండటం నాకు పంది కిడ్నీ కన్నా పెద్ద వార్త.

#9 కవిటి కోడలు (మంగళవారం, సాయంత్రం 5:45)

డాక్టరు గారూ, ఈ కోణం మాకెవరికీ తట్టలేదు. మరిదికి ఇంకా చెప్పలేదు, నా చేతులు వణుకుతున్నాయి. అంటే ఇక ఎవరూ లేనట్టేనా? నా గ్రూపు కలవదు కదా.

#10 వైజాగ్ రెసిడెంట్ (మంగళవారం, రాత్రి 9:30)

మీరున్నారు కదండి. మీ పుట్టిల్లు ఉద్దానంలోనేనా?

గ్రూపు కలవకపోవడం ఇప్పుడు అడ్డుగోడ కాదు. రెండు దారులున్నాయి.

మొదటిది మార్పిడి దానం, అందరూ స్వాప్ అంటారు. మీ కిడ్నీ ఇంకో కుటుంబంలోని రోగికి, వాళ్ల దాత కిడ్నీ మీ ఆయనకి, రెండు ఆపరేషన్లూ ఒకే రోజు. 2011లో చట్టాన్ని సవరించి దీన్ని అనుమతించారు. తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు కూడా దగ్గరి బంధువుల కిందికి అప్పుడే వచ్చారు. తెలంగాణ ఆ సవరణని 2025 మార్చిలో శాసనసభ తీర్మానంతో తీసుకుంది. మీ విషయంలో చిక్కేమిటంటే, ఓ గ్రూపు దాత ఎవరికైనా ఇవ్వగలరు కనక వాళ్లకి స్వాప్ అవసరం తక్కువ పడుతుంది. గ్రూపు కలిసినా క్రాస్‌మ్యాచ్ (రోగి రక్తంలోని యాంటీబాడీలు దాత కణాల మీద దాడి చేస్తాయా అని చూసే పరీక్ష) కలవని జంట దొరికితే తప్ప ఓ గ్రూపు రోగికి జోడీ కుదరడం కష్టం. పేరు మాత్రం ఇవ్వండి.

రెండోది, గ్రూపు కలవకపోయినా నేరుగా పెట్టడం. మీ ఆయన రక్తంలో బి గ్రూపుకి వ్యతిరేకంగా ఉన్న యాంటీబాడీల మోతాదు కొలుస్తారు, దాన్ని టైటర్ అంటాం. ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందు రిటక్సిమాబ్ ఇచ్చి కొత్త యాంటీబాడీలు పుట్టకుండా చేస్తారు. ఉన్నవాటిని ప్లాస్మా మార్పిడితో వడకడతారు. తగినంత తగ్గాక కిడ్నీ పెడతారు. చిత్రమేమిటంటే మొదటి రెండు మూడు వారాలు గట్టెక్కితే, ఆ యాంటీబాడీలు మళ్లీ వచ్చినా కిడ్నీ సర్దుకుపోతుంది. ఖర్చు, ఇన్‌ఫెక్షన్ భయం మామూలు మార్పిడి కన్నా ఎక్కువ, దాచను. కానీ పెద్ద కేంద్రాల్లో ఇది ఇప్పుడు మామూలుగా జరుగుతోంది.

ఒక జాగ్రత్త. తప్పనిసరైతే తప్ప రక్తం ఎక్కించనివ్వకండి. ఎక్కించిన ప్రతిసారీ పరాయి కణాల మీద కొత్త యాంటీబాడీలు పుట్టొచ్చు, రేపు క్రాస్‌మ్యాచ్ కలవదు. హిమోగ్లోబిన్‌కి, రక్తం పట్టించే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు అడగండి. హెపటైటిస్ బి టీకాలు పూర్తయ్యాయో లేదో చూసుకోండి.

#11 ఇద్దరమ్మాయిల తల్లి (మంగళవారం, రాత్రి 10:50)

నేనొక మాట అడగాలి, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. 2023లో మన దేశంలో బతికుండి అవయవం ఇచ్చినవాళ్లలో 9,784 మంది ఆడవాళ్లు, 5,651 మంది మగవాళ్లు. తల్లి ఇవ్వాలి, లేకపోతే భార్య ఇవ్వాలి. భార్యకి కిడ్నీలు పోతే ఎంతమంది భర్తలు ముందుకొస్తున్నారు? మా అక్కకి అవసరమైనప్పుడు బావగారి తరఫున ఒక్కరు కూడా గ్రూపు చూపించుకోలేదు. "సంపాదించే మనిషి" అన్నారు. అక్క రోజుకి పది గంటలు మిషను కుట్టేది. అది సంపాదన కాలేదు.

కవిటి చెల్లెమ్మా, నువ్వు ఇవ్వొద్దని కాదు. నీ ఇష్టమేమిటో ఒంటరిగా కూర్చుని ఆలోచించుకో. దాతతో విడిగా మాట్లాడే అవకాశం ఆసుపత్రిలో ఉంటుంది. "కుదరదు" అని నువ్వు చెప్తే, వాళ్లు బయటికి వైద్య కారణమే చెప్తారు.

#12 వైజాగ్ రెసిడెంట్ (మంగళవారం, రాత్రి 11:15)

పైన అక్కగారు చెప్పింది నిజం, వార్డులో రోజూ చూస్తున్నాం. భర్త కిడ్నీ భార్యకి పెట్టేటప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయన పిల్లల్ని ఆమె కన్నప్పుడు ఆయన కణజాలానికి వ్యతిరేకంగా ఆమెలో యాంటీబాడీలు పుట్టి ఉండొచ్చు. అది సాకుగా వాడుకునేవాళ్లున్నారు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది, చేయించకుండా తెలియదు.

దాత ప్రాణభయం గురించి: కిడ్నీ ఇచ్చిన పదివేల మందిలో ఆపరేషన్ వల్ల చనిపోయేది ముగ్గురు లోపే. ఇప్పుడు ల్యాపరోస్కోపీతో చిన్న కోతలతో తీస్తున్నారు, మూడు నాలుగు రోజుల్లో ఇంటికి. తర్వాత జీవితాంతం ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్ చూపించుకోవాలి. నొప్పి మాత్రలు సొంతంగా మింగకూడదు.

#13 టాక్రో పద్నాలుగేళ్లు (బుధవారం, ఉదయం 8:04)

ఇప్పుడే మాత్ర వేసుకుని రాస్తున్నాను. ఉదయం 8, రాత్రి 8. పద్నాలుగేళ్లుగా.

2011లో మా అమ్మ ఇచ్చింది. అమ్మకిప్పుడు 70, ఒక్క కిడ్నీతో తోట పని చేస్తుంది, నా కన్నా గట్టిగా అరుస్తుంది. చాలామందికి తెలియంది చెప్తాను, పాత కిడ్నీలు తీయరు. కొత్తది కుడి పొత్తికడుపులో పెడతారు. బెల్టు పెట్టుకునే చోట చెయ్యి వేస్తే గుండ్రంగా తగులుతుంది. నాకు మూడు కిడ్నీలు.

కవిటి అమ్మాయీ, ఆపరేషన్ ఒక రోజు పని. అసలు పని ఆ తర్వాత ప్రతి రోజూ ఉంటుంది. టాక్రోలిమస్ అనే మాత్ర మీదే నా బతుకంతా. జపాన్లో సుకుబా అనే ఊరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1984లో తీశారట. అంతకుముందు వచ్చిన సైక్లోస్పోరిన్ అనే అలాంటి మందు కూడా నార్వే మట్టిలో దొరికిన బూజు నుంచే. రెండు దేశాల మట్టి లేకపోతే మా లాంటివాళ్లం లేం.

ఈ మాత్ర రక్తంలో తగ్గితే ఒళ్లు కిడ్నీని తిప్పికొడుతుంది, ఎక్కువైతే అదే కిడ్నీని పాడుచేస్తుంది. అందుకే రక్తపరీక్షకి వెళ్లేరోజు పొద్దున్న మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. మూడో ఏడు నేనొక దెబ్బ తిన్నాను. మందుల షాపువాడు "ఇదీ అదే మందు" అని వేరే కంపెనీది ఇచ్చాడు. నేనూ చూసుకోలేదు. నెలకి లెవెల్ సగానికి పడింది, క్రియాటినిన్ 1.2 నుంచి 1.9కి ఎక్కింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో 1.5కి దిగింది. మళ్లీ 1.2 చూడలేదు. కంపెనీ మారిస్తే డాక్టరుకి చెప్పి, లెవెల్ చూపించుకుని మార్చండి.

పంపరపనస తినకూడదు, టాక్రో లెవెల్ ఒక్కసారిగా పెంచేస్తుంది. నాటుమందు, ఆకు పసరు ఎవరిచ్చినా పుచ్చుకోకూడదు. మా పెద్దమ్మ ప్రేమతో తెచ్చిన కషాయం గ్లాసు కూడా పక్కన పెట్టాను, ఆవిడ నెల్లాళ్లు మాట్లాడలేదు.

బోండాం మాత్రం తాగొచ్చు. ఆపరేషన్ అయ్యాక పొటాషియం మామూలుకి వచ్చిందని డాక్టరు చెప్పిన రోజు, ఆసుపత్రి గేటు బయట బండి దగ్గర తాగాను. ఆ రుచి ఇంకా నాలుక మీద ఉంది.

#14 గోదారి గట్టు (బుధవారం, ఉదయం 11:30)

పెద్దవాణ్ని, ఒక పాత సంగతి. మన దేశంలో మొదటి గుండె మార్పిడి విజయవంతంగా చేసిన పి. వేణుగోపాల్ గారిది మా రాజమండ్రి. 1994 జులైలో అవయవ మార్పిడి చట్టం మీద రాష్ట్రపతి సంతకం పడింది. అదే ఏడాది ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆయన గుండె మార్చారు. సంతకం పడి నెల కూడా కాలేదు. చట్టం కోసం ఎంతగా కాచుకుని ఉన్నారో చూడండి. 2024 అక్టోబరులో ఆయన పోయినప్పుడు మా వీధిలో చాలామందికి ఆయన మనవాడని కూడా తెలియలేదు, అది నాకు బాధ.

#15 నాగోలు ప్రయాణికుడు (బుధవారం, సాయంత్రం 7:15)

2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్ మెట్రోలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కి గుండె తీసుకెళ్లారు, 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో. నేను రోజూ ఆ దారినే వెళ్తాను, రోడ్డు మీదైతే ఆ టైముకి ఎంత పడుతుందో నాకు తెలుసు. గుండెకి మరీ అంత తొందరా?

#16 కోఆర్డినేటర్ అక్క (బుధవారం, రాత్రి 9:05)

అవును తమ్ముడూ. ఐస్‌లో పెట్టిన గుండె నాలుగు గంటల్లో కొట్టుకోవాలి. ఊపిరితిత్తులకి ఆరు, లివరుకి పన్నెండు దాకా, కిడ్నీ ఒక రోజు ఓర్చుకుంటుంది. ఇప్పుడు ఐస్ పెట్టె బదులు యంత్రాలొచ్చాయి. లివరుని 37 డిగ్రీల వెచ్చదనంలో పెట్టి, రక్తం, ఆక్సిజన్ తిప్పుతూ ఉంచుతారు. అది అక్కడే పైత్యరసం కారుస్తుంది. అలా కారుస్తోందంటే పనిచేస్తుందని నమ్మకం, లోపల పెట్టకముందే తెలిసిపోతుంది. ఇదివరకు అనుమానంతో పక్కన పెట్టేసిన లివర్లు కూడా దీనివల్ల పనికొస్తున్నాయి. మన దగ్గర ఖరీదు వల్ల ఇంకా తక్కువ చోట్లే ఉంది.

కానీ యంత్రం ఎంత గొప్పదైనా లోపల పెట్టడానికి అవయవం ఉండాలి కదా. 2023లో దేశం మొత్తం మీద మరణానంతరం ఇచ్చినవాళ్లు 1,099 మంది. అందులో 252 మంది తెలంగాణవాళ్లే, దేశంలో అందరికన్నా ముందు. అయినా దేశం లెక్కన పది లక్షల జనాభాకి ఒక్కరు కూడా లేరు. స్పెయిన్‌లో అదే ఏడాది 48 పైనే. అక్కడ ప్రతి పెద్ద ఐసీయూలో ఈ పని కోసమే శిక్షణ పొందిన డాక్టరు ఉంటారు, కుటుంబంతో నెమ్మదిగా కూర్చుని మాట్లాడతారు. ఒంగోలు తమ్ముడి మేనమామ దగ్గర లేనిది అదే.

#17 మధ్యవర్తి కాదు (గురువారం, మధ్యాహ్నం 1:00)

మీకు ఓ పాజిటివ్ దాతని చూపించేవాళ్లున్నారు, డబ్బు మాట్లాడుకోవచ్చు, ప్రైవేటు మెసేజ్ పెట్టండి.

#18 నిర్వాహకులు (గురువారం, మధ్యాహ్నం 1:12)

పై సభ్యుణ్ని తొలగించాం. అవయవం కొనడం, అమ్మడం నేరం. పదేళ్ల వరకు జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. ఇక్కడ ఎవరికి ఇలాంటి మెసేజ్ వచ్చినా మాకు పంపండి. కవిటి సోదరీ, మీకు వచ్చిందా?

#19 కవిటి కోడలు (గురువారం, రాత్రి 9:20)

వచ్చిందండి, మీకు పంపాను. నిజం చెప్తున్నా, ఒక్క క్షణం ఆగి చదివాను. పిల్లలు పక్కన పడుకుని ఉన్నారు. తర్వాత ఎవరి ఒంట్లోంచి తెస్తారో తలుచుకుంటే కడుపులో తిప్పింది.

డాక్టరు గారూ, నా పుట్టిల్లు పార్వతీపురం అవతల, ఉద్దానం కాదు. పెళ్లయి పదిహేనేళ్లు ఇక్కడి నీళ్లే తాగాను. నాకూ అన్ని పరీక్షలూ చేయిస్తామన్నారు.

#20 కవిటి కోడలు (ఇరవై ఒక్క రోజుల తర్వాత, రాత్రి 10:40)

ఆలస్యానికి క్షమించండి. వైజాగ్ వెళ్లొచ్చాం, ముగ్గురం.

మా మరిది క్రియాటినిన్ 1.7. మూత్రంలో ప్రోటీన్ పోతోందట. తనకేమీ తెలియదు, మొన్నటిదాకా జీడితోటలో బస్తాలు మోశాడు. రిపోర్టు చూసి మా తోటికోడలు నా భుజం మీద పడి ఏడ్చింది. కిడ్నీ తీసి ఉంటే ఏమయ్యేదో అని, డాక్టరు గారూ, మీరన్న మాటే పెద్ద డాక్టరు గారు కూడా అన్నారు. మందులు మొదలుపెట్టారు, మీరు చెప్పిన ఆ మాత్ర కూడా ఉంది అందులో. నొప్పి బిళ్లలు మానేయమన్నారు, ఎండలో పని తగ్గించమన్నారు.

నావి అన్నీ బాగున్నాయన్నారు. రెండు కిడ్నీలూ సమానంగా పనిచేస్తున్నాయట. నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి ఒక మేడమ్ అరగంట మాట్లాడారు. ఇష్టపూర్వకంగానే అని చెప్పాను. బయటికొచ్చాక మా ఆయన "ఏం అడిగారు" అన్నారు. "నీళ్లు ఎన్ని తాగుతారని" అన్నాను.

జీవన్‌దాన్‌లో పేరు ఎక్కింది. స్వాప్‌కి కూడా రాయించాం. పంది కిడ్నీ మాట ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఎత్తట్లేదు.

బి గ్రూపుకి ఆయన టైటర్ 128 వచ్చింది. అది ఎక్కువా? చెప్పిన ఆవిడ ముఖం చూస్తే నాకేమీ అర్థం కాలేదు.

#21 వైజాగ్ రెసిడెంట్ (అదే రాత్రి, 11:25)

మధ్యస్తం అండి. 512, 1024 ఉన్నవాళ్లకి కూడా ప్రయత్నిస్తారు. 128ని 8కో 16కో దించాలంటే ప్లాస్మా మార్పిడి కొన్నిసార్లు పడుతుంది, ఎన్నో ముందే చెప్పలేం, ఒక్కొక్కదాని తర్వాత కొలుస్తూ వెళ్తారు. రిటక్సిమాబ్ తేదీ ఇచ్చారా? అది ఇవ్వకముందే టీకాలన్నీ అయిపోవాలి, తర్వాత వేస్తే సరిగా పట్టవు. రేపు ఉదయమే ఫైలులో హెపటైటిస్ బి డోసులన్నిటి తేదీలు, న్యుమోనియా టీకా ఉన్నాయో లేదో చూసి ఇక్కడ రాయండి.

మరిదిగారి రెండో క్రియాటినిన్ ఎప్పుడన్నారు?

#22 కవిటి కోడలు (మర్నాడు, ఉదయం 5:50)

మూడు వారాలకి, వచ్చే నెల 4న. హెపటైటిస్ రెండు డోసులే కనిపిస్తున్నాయి, మిగతావి వేశారో లేదో సోంపేటలో అడుగుతాను. ఈరోజు శుక్రవారం, ఆరున్నర బస్సుకి బయల్దేరుతున్నాం.